మూడున్నర పాయింట్లు

మే నెలొచ్చినా కశూబియా సరస్సుల మీద చలి పోదు.
చెక్క గదుల్లో తడి స్వెట్టర్ల వాసన.
ఏడాదికోసారి ఇక్కడికి చేరతాం,
అక్షరాలు పేర్చే ఒక ప్రోగ్రాం పేరు చెప్పుకొని,
నలభై ఇద్దరం.
బ్ర్నో నుంచి ఓతా, లెక్కల మేష్టారు.
ఊట్రెక్ట్ నుంచి చర్చి పాటల పుస్తకాలు వేసే
అక్కచెల్లెళ్లు, వీట్స్కె, యెల్‌త్యె.
ల్యుబ్లానా నుంచి బోరుత్, పళ్ల డాక్టరు.
అతనెందుకొస్తాడో పదకొండేళ్లుగా ఎవరూ అడగలేదు.
ప్రోగ్రాం ఎవరి సొత్తూ కాదు, ఊరకే వస్తుంది.
"ఊరకేనా? నా నిద్రంతా తినేసి!" అంటాడు బోరుత్.

ఈసారి గ్విడోన్ రాలేదు.
ఫిబ్రవరిలో పోయాడు.
కర్తుజీ స్టేషన్లో టికెట్లు కొట్టిన చేతులతో
కశూబియన్ మాటల్ని ఎక్కడ విరవచ్చో
ఇరవై ఆరేళ్లు రాసుకుంటూ పోయాడు.
పంక్తి చివర మాట పట్టకపోతే
ఏ అక్షరం దగ్గర చిన్న గీత పెట్టి
మిగతాది కిందికి దించాలో,
అంతే, అదొక్కటే పని.
ఆ భాషలో ఏడాదికెన్ని పుస్తకాలొస్తాయని
ఒకసారి నోరు జారి అడిగాను.
"పళ్లు ఎన్నున్నా తోముకోవాలిగా" అన్నాడు,
బోరుత్ వైపు చూస్తూ.

అతని జ్ఞాపకంగా ఒక పేజీ వేద్దామన్నారు.
ప్రూఫులు దిద్దేదాన్ని కదా, నా మెడకు పడింది.
భోజనాల గదిలో, బీట్‌రూట్ సూపు ఆవిరిలో
లాప్‌టాప్ తెరిచాను.

మీకు తెలుసో లేదో,
ఈ ప్రోగ్రాం పంక్తిని ఒంటరిగా చూడదు.
బంతి చివర ఒకడు చోటు లేక నిలబడిపోతే
మొట్టమొదట కూర్చున్నవాడి దాకా కబురెళుతుంది:
కాస్త జరగండి, ఇంకాస్త.
జరిగినట్టు తెలియకుండా అందరూ జరుగుతారు.

అంత జరిగినా ఐదో పంక్తి పొంగింది.
మూడున్నర పాయింట్లు, అని గొణిగింది.
అంచు దాటినచోట ఒక నల్లటి కడ్డీ నిలబెట్టింది,
అల్లరి పిల్లాడి పక్కన బెత్తంలా.

దాటింది గ్విడోన్ భార్య పేరు.
ష్వెంతొస్వావా.
మూడుచోట్ల హాయిగా విరవగల పేరు.
మరి విరవదేం?

ఓతా మేష్టారు కళ్లజోడు నుదుటికెక్కించి
గ్విడోన్ ఫైలు తెరిచాడు.
నాలుగువేల చిల్లర సూత్రాలు.
అట్టడుగున, సూత్రాలకు లొంగని మాటలు,
విరిచేచోటల్లా గీతలతో.
ఆఖరిమాటకు మాత్రం గీతల్లేవు.
గీత లేదంటే ఎక్కడా విరవొద్దని.
పక్కన ఒక తేదీ, పద్నాలుగేళ్ల కిందటిది.
"ఆమెను పాతిపెట్టిన వారం" అంది యెల్‌త్యె.
గరిటె చప్పుడు కూడా ఆగింది.

పద్నాలుగేళ్లుగా
బడి పుస్తకమో, ప్రార్థన పుస్తకమో,
ఆ పేరున్న వేరే ఎవరి పెళ్లి పత్రికో,
అచ్చుకెళ్లిన ప్రతిసారీ, ఎవరికీ తెలీకుండా,
ఆమె పేరు రెండు ముక్కలు కాలేదు.

ఇప్పుడేం చేద్దాం?
అక్షరం సైజు తగ్గిద్దామంది వీట్స్కె.
పొంగనివ్వండి, పొంగితే ఏం, అన్నాను నేను.
"ఒక విశేషణం పీకేయండి" అన్నాడు బోరుత్,
"నొప్పి తెలీదు."
గ్విడోన్ పేరుకు ముందున్న 'మహా నిరాడంబరుడు'లోంచి
'మహా' పీకేశాం.
పైనుంచి కింది దాకా మాటలన్నీ సర్దుకున్నాయి.
ఆమె ఆరో పంక్తి మొదట్లో
నిండుగా కూర్చుంది.

ఇక ఆ ఫైలు ఎవరు చూస్తారు?
అందరూ సూపులోకి చూశారు.
సరస్సు మీద ఏదో పక్షి రెండుసార్లు అరిచింది.
బోరుత్ చెయ్యెత్తాడు.
"నీకు కశూబియన్ ఒక్క ముక్కా రాదు కదా!"
"ఒకటొచ్చు" అన్నాడు,
రొట్టె తుంచి పక్కనున్నవాడికిస్తూ.

ప్రింటర్లో ఇంకు తక్కువుంది.
పేజీ కొంచెం బూడిద రంగులో వచ్చింది.